అరవై ఒక్క మొలకలు

గుడియాత్తంలో లోగనాథన్ ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకటి మూలపడ్డాక, రెండోదాన్ని భార్య కాంచనకు వదిలేసి, అతను వేలూరులో మొక్కల పనికి చేరాడు. అప్పటికి అతనికి నలభై నాలుగేళ్ళు. తాతల నాటినుంచీ లుంగీలు నేసిన ఇల్లు అది. మట్టిపని, ఎరువుపని అతనికేమీ తెలియవు. కానీ తెగిన పోగును కంటికి కనబడకుండా ముడివేసే వేళ్ళు అతనివి. రెండాకుల మొలకను వేరు తెగకుండా ఎత్తి సంచిలో నాటడానికి అలాంటి వేళ్ళే కావాలని చేరిన నెలలోనే తేలిపోయింది.

ఆ నర్సరీ సత్తువాచ్చారి పక్కన ఉండేది. నడిపేది జెసింత మేడమ్. వేలూరులో ఒక కాలేజీలో ముప్పై ఎనిమిదేళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. డెబ్బైకి దగ్గరపడ్డా పొద్దున ఏడింటికల్లా తలకు తువ్వాలు చుట్టుకుని నారుమళ్ళ మధ్య కనబడేది. ఆమె పెద్దలు చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవులు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరాలు ఆమెకూ రావు, లోగనాథన్‌కూ రావు. అతనిది తెలుగిల్లని తెలిసిన రోజునుంచి అతనితో మాత్రం తెలుగే మాట్లాడేది. పదిమందికి అరవంలో పనులు పురమాయిస్తూ అతని వైపు తిరిగి, "నువ్వు చూస్కో నాయనా" అనేది. ఆ ఒక్క మాటకోసం లోగనాథన్ ఎంత ఎండలోనైనా నిలబడేవాడు.

ఆమెకు వయసులో ఉండగా హిమాచల్ కొండల్లో రెండేళ్ళు తిరిగి చూసిన ఒక చెట్టుమీద తీరని మోజు. హిమాలయ ఎల్మ్ అంటారు దాన్ని. పశువుల మేతకని అక్కడివాళ్ళు ఏటేటా కొమ్మలు నరకడంతో చెట్టుకు పూత పట్టే వీలే లేకుండా పోయింది. పెద్ద చెట్లు పలచబడ్డాయి. వాటి కింద పిల్లమొక్కలు లేవు. ఆ చలికొండ చెట్టును మన ఏలగిరి కొండమీద పెంచి చూడాలని మేడమ్ పట్టుదల. తోటివాళ్ళు నవ్వారు. చివరికి ఆమె దగ్గర ఒకప్పుడు చదువుకుని హిమాచల్‌లో అటవీ ఉద్యోగం చేస్తున్న నారాయణన్, ఒక ఏప్రిల్‌లో నాలుగు వందల గింజలు పంపాడు.

వేలిగోరంత కాగితపు రెక్క, నడుమ చిన్న గింజ. ఈ జాతి గింజలకు ఆయుష్షు తక్కువ. రాలిన రెండు మూడు వారాల్లో మట్టిలో పడకపోతే ఇక పనికిరావు. లోగనాథన్ ఇసుక, కొబ్బరిపొట్టు, ఆకుమట్టి మూడూ జల్లించి తట్టలు నింపాడు. మిగతా పనివాళ్ళు రాని షెడ్డు వెనక మూలన, పైన పచ్చటి నీడవల, దాని కింద పాలిథిన్ గుడారం, లోపల నీటి తుంపర చల్లే గొట్టాలు, గాలి తోసే ఫ్యాను. తొమ్మిదో రోజు మొదటి మొలక తల ఎత్తింది. నెల తిరక్కుండా అరవై ఒకటి లేచాయి. మేడమ్ రోజూ వంగి లెక్కపెట్టేది. లెక్క ఒకరోజు యాభై తొమ్మిది వచ్చేది, ఒకరోజు అరవై మూడు. కంటిలో పొర ముదిరిపోయిందనీ, ఆపరేషన్ వాయిదా వేయడం ఇక కుదరదనీ డాక్టర్లు చెప్పి అప్పటికే చాలా కాలమైంది. ఈ మొలకలను వదిలి ఆమె పోనంటే, ఒప్పించినవాడు లోగనాథనే.

"మీరు పోయి రాండమ్మా. మీరొచ్చేదాకా నేనీడనే ఉంటా. ఇంటికి గూడా పోను" అన్నాడు.

మాట ఇచ్చినట్టే మూడు రోజులు షెడ్డులో పడుకున్నాడు. నాలుగో రోజు, అరవ లెక్కన వైగాసి నెల మొదటి తేదీ. గుడియాత్తం జాతరలో గంగమ్మ అమ్మవారి శిరసు ఊరేగే రోజు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊరేగింపు చూడని ఏడాది లేదు అతనికి. పొద్దున్నే పోయి మధ్యాహ్నానికి వచ్చేద్దామనుకున్నాడు. గంట ప్రయాణం. తుంపర గొట్టాలు గంటకొకసారి వాటంతటవే తిరిగేలా పెట్టాడు. ఉడతలు రాకుండా, వడగాలి తగలకుండా గుడారం నాలుగు వైపులా దించి, అంచులకు ఇటుకలు పెట్టి బస్సెక్కాడు.

ఆ జనంలో మధ్యాహ్నానికి తిరిగి రావడమన్నది కాని పని. బస్సులు ఊరి బయటే ఆపేశారు. బావమరుదులు భోజనానికి లాక్కుపోయారు. ఫ్యానుంది, నీళ్ళున్నాయి, ఒక్క పూట ఏమవుతుందిలే అని అతను కూడా సర్దుకున్నాడు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నర్సరీకి వచ్చేసరికి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మనుషులు నిచ్చెన వేసి ఉన్నారు. నిన్న పదకొండింటికి కాలిపోయిందట.

ఇటుకలు తీసి పాలిథిన్ ఎత్తగానే ముఖానికి ఆవిరి కొట్టింది. లోపల మొలకలు తట్టల మీద వాలిపోయి ఉన్నాయి, పొయ్యిమీద మగ్గిన ఆకుకూరలాగా. లోగనాథన్ చేత్తో నీళ్ళు చిలకరించాడు. తట్టలు ఒక్కొక్కటే వేపచెట్టు నీడకు మోశాడు. ఒక్కటైనా తలెత్తుతుందేమోనని పది దాకా వాటి ముందే కూర్చున్నాడు. ఒక్కటీ లేవలేదు.

అప్పుడే ఫోను మోగింది. కంటికి కట్టున్నా పక్కవాళ్ళ చేత నంబరు నొక్కించి రోజూ పదింటికి చేసేది మేడమ్.

"ఎట్లుండారు నాయనా బిడ్డలు?"

"బాగుండారమ్మా" అన్నాడు లోగనాథన్.

నోట్లోంచి వచ్చేదాకా ఆ మాట అంటానని అతనికే తెలియదు. ఫోను పెట్టాక తనను తాను సమాధానపరచుకున్నాడు. ఆపరేషనైన మనిషి. కంటనీరు పెట్టకూడదని డాక్టర్లే చెప్పారు. కట్టు విప్పాక చెబుదాం అనుకున్నాడు. మర్నాడూ అదే ప్రశ్న వచ్చింది, అదే జవాబు పోయింది. మూడోనాడు మేడమ్ ఆసుపత్రిలో పక్క మంచాలవాళ్ళకు, నర్సులకు, చూడవచ్చిన పాత విద్యార్థులకు, అందరికీ అరవై ఒక్క మొలకల సంగతి చెప్పానని సంబరంగా చెప్పింది. అతని పేరు కూడా చెప్పిందట. ఇక ఆ తర్వాత చెప్పడం అతని వల్ల కాలేదు.

గుడియాత్తంలో కౌండిన్య ఏటిగట్టున రెండు పెద్ద నెమలినార చెట్లున్నాయి. అరవంలో ఆయా మరం అంటారు. మన వైపు ఎక్కడైనా పెరిగే చెట్టు. ఎవరూ దాన్ని లెక్కచేయరు. నలిపితే ఆకు పాడు కంపు కొడుతుంది. కానీ అదీ ఎల్మ్ కుటుంబానిదే. దాని గింజకూ కాగితపు రెక్క ఉంటుంది, కాకపోతే రూపాయి బిళ్ళంత. లేత మొక్కగా ఉన్నప్పుడు దాని ఆకు అంచులకు సన్నటి రంపపు పళ్ళుంటాయి. మొక్క పెద్దదయ్యే కొద్దీ ఆ పళ్ళు పోయి అంచు నున్నగా అవుతుంది. ఇదంతా లోగనాథన్‌కు చెప్పింది మేడమే, కాలేజీ ఆవరణలోని నెమలినారను చూపిస్తూ, చేరిన కొత్తలో.

వేసవి వానకు గట్టుమీద ఆ మొలకలు బోలెడు లేచి ఉన్నాయి. ఆదివారం కాంచనను తోడు తీసుకుని వెళ్ళాడు. నర్సరీకి కావాలని చెప్పాడు. ఆమె మారు అడగలేదు. ఇద్దరూ గట్టుమీద గొంతుక్కూర్చుని ఏరారు. ఆమె గబగబా ఏరుతూ పోతుంటే, లోగనాథన్ మాత్రం ఎన్నయ్యాయని మాటిమాటికీ అడుగుతూ వచ్చాడు. అరవై ఒకటి కాగానే చాలన్నాడు. ఇంకా ఇన్ని ఉన్నాయి కదా అంటే, చాలులే అని లేచి, తడి లుంగీలో చుట్టి బస్సెక్కాడు.

మూడు వారాలకు మేడమ్ నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. తట్టల ముందు వంగి కొత్తకంటితో చూసింది. ఆకుల అంచులను వేలి కొసతో తాకింది. ఆమె నిటారుగా లేచి, "ఎప్పుడూ ఇంత వివరంగా కనబడలా నాయనా. ఆకంచు పండ్లు గూడా కనబడతా ఉండాయి" అంది. తర్వాత అతని భుజం మీద చెయ్యి వేసింది. పనిలో చేరిన దగ్గర్నుంచి ఆమె అతన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆ చేయి తీసేదాకా అతను నేలచూపులు వదల్లేదు.

ఆ వానాకాలం దాటాక నలభై మొక్కలు ఏలగిరిలో మేడమ్ చెల్లెలి తోటకు వెళ్ళాయి. ప్రతి మొక్క పక్కన ఇనుప పలకమీద చెట్టు పేరు రాయించారు. నెమలినార జోరుగా పెరిగే చెట్టు. ఏడాదికి మనిషెత్తు దాటాయి. చలికొండ చెట్టు మన కొండమీద ఇంత వేగంగా పెరగడం వింతేనని మేడమ్ పొంగిపోయింది. నాలుగు ఊళ్ళనుంచి చెట్ల మనుషులు వచ్చి చూశారు. వాళ్ళకు ఆమె ప్రతిసారీ లోగనాథన్‌నే ముందుకు తోసేది. ఒక అరవ పత్రికలో అతని ఫోటో పడింది. వేలూరు ఎండలో హిమాలయ చెట్టును మొలకెత్తించిన గుడియాత్తం నేతగాడు అని రాశారు. కాంచన ఆ ముక్క కత్తిరించి అద్దం కట్టించి మగ్గం ఎదుటి గోడకు తగిలించింది. నేస్తూ తలెత్తితే కనబడేలా. వీధిలో వాళ్ళు ఆగి చూసిపోయేవారు. లోగనాథన్ ఇంట్లో అన్నం తినేటప్పుడు ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవాడు.

వచ్చినవాళ్ళెవరైనా ఆకు తెంపబోతే, లేతది, నొచ్చుకుంటుంది, తాకకండి అనేవాడు. మేడమ్ ఆ మాటకు మురిసిపోయేది. నలిపితే తెలిసిపోతుందని అతని భయం.

రెండో ఏడు సగానికి కొన్ని ఆకుల అంచులు నున్నబడటం మొదలైంది. ముందు ఒక చెట్టు తలలో కనబడింది. తర్వాత రెండు, ఐదు. లోగనాథన్ కలుపు తీస్తానని చెప్పి నెలకొకసారి ఏలగిరికి పోయేవాడు. తోటలో ఎవరూ లేని వేళ చూసుకుని, నిచ్చెన వేసి, నున్నటి ఆకులన్నీ ఏరి తెంపేవాడు. పళ్ళున్నవి వదిలేవాడు. తెంపినవి గుంట తీసి పూడ్చేవాడు. ఆకుల కంపు చేతులకు పట్టేది. సబ్బుతో మూడుసార్లు కడిగినా పోయేది కాదు. దిగేటప్పుడు బస్సులో పక్క సీటువాళ్ళు ముక్కు చిట్లించి కొంచెం జరిగేవాళ్ళు. నలభై ఏడేళ్ళ మనిషి, చెట్టెక్కి ఆకులు దొంగిలిస్తున్నాను అనుకునేవాడు. ఎవరి చెట్టు, ఎవరి ఆకులు, ఎవరి దగ్గర దొంగతనం అని ఆలోచిస్తే తల తిరిగేది. చెట్లు పెరుగుతున్నాయి. నున్నటి ఆకులు నెలనెలా ఎక్కువవుతున్నాయి. ఎన్నాళ్ళు తెంపగలడు?

మూడో ఏప్రిల్‌లో నారాయణన్ నుంచి ఇంకో పెట్టె వచ్చింది. థర్మాకోల్ డబ్బా, లోపల కరుగుతున్న మంచు సంచులు, వాటి మధ్య గుడ్డసంచి. మేడమ్ నర్సరీలో అందరినీ పిలిచి ఉత్తరం చదివింది. మొదటిసారి గింజలిచ్చిన పాత చెట్టు పోయిన వానలకు కొండచరియతో పాటు జారి పడిపోయింది. సగం వేళ్ళు మాత్రం ఇంకా మట్టిలో ఉన్నాయి. ఆ పడిన చెట్టే ఈ వసంతంలో ఒకసారి పూసి, కాసింది. ఇక పూయదు. రాలినవాటిలో మంచివి మూడు వందలు ఏరాను. అక్కడి నర్సరీకి ఇద్దామనుకున్నాను గానీ, వేలూరు ఎండలోనే అరవై ఒకటి లేపిన చేయి ఉండగా వేరేవాళ్ళకు ఇవ్వడం ఎందుకనిపించింది. అన్నీ లోగనాథన్ అన్నకే పంపుతున్నాను, అని రాశాడు.

మేడమ్ చదవడం ముగించి డబ్బా అతని చేతుల్లో పెట్టింది. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు.

లోగనాథన్ డబ్బా తీసుకుని షెడ్డులోకి పోయాడు. అలవాటు కొద్దీ మట్టి జల్లించాడు, తట్టలు నింపాడు. చేతులు పని చేస్తుండగా మనసులో ఒక దారి కనబడింది. విత్తుదాం. ఈ ఎండకు ఎలాగూ బతకవు. ఈసారి కలిసిరాలేదు అని చెబుదాం. ఎవరూ తప్పు పట్టరు. అందరూ జాలిపడతారు కూడా. అసలు గింజలు లేకుండా పోతే, పోల్చి చూసేవాళ్ళూ ఉండరు. ఈ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి అతను జల్లెడ పక్కన పెట్టేశాడు. మొదటి అబద్ధం తెలియకుండా నోటినుంచి జారింది. ఇది అలా కాదు. ఇది కూర్చుని, మట్టి జల్లించుకుంటూ చేసిన ఆలోచన.

గుడ్డసంచి విప్పాడు. గింజలతో పాటు చిన్న చీటీ ఉంది. నారాయణన్ చేతిరాత. అరవంలో ఒక్కటే వాక్యం. ఇవి తప్ప ఇంకేమీ లేవు, అని.

లోగనాథన్ సంచి మూతికట్టి, మళ్ళీ మంచులో పెట్టి, డబ్బా చంకన పెట్టుకుని ఆటో ఎక్కాడు. మేడమ్ అప్పుడే ఇల్లు చేరినట్టుంది. భోజనాల బల్లమీద ఏలగిరి చెట్ల ఫోటోలు పరచుకుని కూర్చుని ఉంది. వాటి గురించి ఏదో పెద్ద సభకు వ్యాసం పంపాలని నెలరోజులుగా రాస్తోంది. అతన్నీ, అతని చంకలో డబ్బానూ చూసి గింజలకేమైనా అయిందా అని అడిగింది. ఏమీ కాలేదన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, ఏలగిరిలో ఉండేది ఆ చెట్టు కాదు. అది మన నెమలినార. ఏటిగట్టున ఏరుకొచ్చి పెట్టినా."

ఆమె అర్థం కానట్టు చూసింది. లోగనాథన్ మొదటినుంచి చెప్పాడు. గంగమ్మ శిరసు, దించిన గుడారం, ఇటుకలు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్, ఫోను, ఏటిగట్టు, నిచ్చెనెక్కి ఆకులు తెంపడం. ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ తన గొంతు ఎవరిదో అన్నట్టు వినబడింది అతనికి.

"అరవై ఒకటీనా?" అంది ఆమె చివరికి.

"అరవై ఒకటీ."

"నేను ఫోన్ చేసినప్పుడు?"

"అప్పటికే పోయినాయమ్మా."

జెసింత మేడమ్ కళ్ళజోడు తీసి ఫోటోల మీద పెట్టింది. అతన్ని తిడుతుందని ఎదురు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె గోడవైపు చూస్తూ నెమ్మదిగా అంది: "ముప్పై ఎనిమిదేండ్లు ఆ చెట్టు నీడన నిలబడి పాఠం చెప్పినా. ఒక్క ఆకు నలిపి చూసుంటే చాలు. ఎందుకో నలపబుద్ధి కాలా." ఒక ఫోటోను దగ్గరికి లాక్కుని, "నలిపితే ఏం తెలుస్తాదో అని భయపడినానేమో" అంది.

అప్పటిదాకా తన సిగ్గు తనదేననుకున్నాడు లోగనాథన్. దాన్ని ఇంకొకరి నెత్తిన కూడా పెట్టాడని అప్పుడు తెలిసింది. ఊరూరా తిరిగి చెప్పిన మనిషి ఆమె. వయసుమీరి ఏవో కలలు కంటోందని నవ్వినవాళ్ళకు సమాధానం చెప్పానని సంతోషపడిన మనిషి. రేపు వాళ్ళ ముఖాలు చూడాల్సింది ఆమె. కాళ్ళమీద పడాలనిపించింది. అది కూడా తన బరువు దించుకోవడానికేనని తోచి ఆగిపోయాడు.

ఆ తర్వాత ఆమె మాట్లాడిన మాటలన్నీ అరవంలోనే. గింజలు ఏరి ఎన్ని రోజులైందని అడిగింది. మంచు ఎంతసేపు ఆగుతుందని అడిగింది. ఊటీలో తన దగ్గర చదువుకున్న కలైయరసి ఒక నర్సరీ నడుపుతోందని, అక్కడి చలికి ఏమైనా అవకాశం ఉందని చెప్పి, ఫోను చేసింది. ఫోను పెట్టేసి, డబ్బా నువ్వే తీసుకుని పో, ఎందుకు తెచ్చావో కూడా నువ్వే చెప్పు, నేనేమీ చెప్పలేదు అంది. అతను అరవంలోనే సరేనన్నాడు.

ఆ సాయంత్రమే బయలుదేరాల్సి ఉంది. బట్టలకోసం ముందు గుడియాత్తం వెళ్ళాడు. కాంచన మగ్గం మీద ఉంది. నేత ఆపమని, పక్కన కూర్చుని చెప్పాడు. ఆమె విన్నంతసేపు చేతిలో నూలు కండె తిప్పుతూ ఉండిపోయింది. ఊరివాళ్ళు ఏమంటారన్నది కాదు ఆమె అడిగింది.

"నా చేత గూడా ఏరిపించినావే" అంది.

ఆమె గోడవైపు చూసింది గానీ లేవలేదు. లోగనాథనే లేచి అద్దం కట్టిన పత్రికముక్కను దింపి పరుపుల వెనక పెట్టాడు. కాంచన మళ్ళీ నేత మొదలుపెట్టింది. అతను సంచి సర్దుకుని గడప దాటుతుంటే, ఊటీలో చలిగా ఉంటుందని ఆమె దుప్పటి మాత్రం తెచ్చి ఇచ్చింది.

ఈరోడ్‌లో మంచు మార్చుకుని, మేట్టుపాళయంలో ఇంకోసారి మార్చుకుని, మర్నాడు ఊటీ చేరాడు. కలైయరసి ముప్పై అయిదేళ్ళ మనిషి, స్వెట్టర్ మీద కొంగు బిగించి పని చేస్తోంది. మేడమ్ మనిషి వచ్చాడని టీ తెప్పించింది. ఆయనేనా మీరు, పేపర్లో చూశాను అంది. లోగనాథన్ టీ ముట్టుకోకుండా ముందు చెప్పాల్సింది చెప్పాడు. ఆమె ముఖంలో మర్యాద మెల్లగా తగ్గిపోవడం అతనికి కనబడింది. అంతా విన్నాక ఆమె డబ్బా తీసుకుని, గింజలు తెల్లబట్ట మీద పోసి, భూతద్దంతో ఒక్కొక్కటి చూసి మంచివి వేరుచేసింది. రెండు వందల డెబ్బై మూడు తేలాయి. విత్తేటప్పుడు అతన్ని దగ్గరికి రానివ్వలేదు. తట్టలు కడగమంది. పన్నెండు రోజులు తట్టలు కడిగాడు, మట్టి మోశాడు, షెడ్డు ఊడ్చాడు. పదకొండో రోజు మొలకలు కనబడ్డాయి. ఆమె పిలిచి చూపించలేదు. దూరంనుంచే చూశాడు. అవి తన అరవై ఒకటిలాగే ఉన్నాయి, మొదటి అరవై ఒకటిలాగే.

వేలూరు తిరిగి వచ్చేసరికి మేడమ్ అందరికీ ఉత్తరాలు రాసేసింది. చెట్టును గుర్తించడంలో తాను పొరబడ్డానని రాసిందే గానీ, ఎక్కడా అతని పేరు ఎత్తలేదు. జూన్‌లో కాలేజీ హాలులో చెట్ల సంఘం సమావేశమైతే, లేచి అదే మాట చెప్పింది. ముందు వరుసలో ఎవరో, ఈ వయసులో ఇలాంటివి సహజం, అన్నారు. ఆమె తలాడించి కూర్చోబోయింది. వెనక గోడ దగ్గర నిలబడ్డ లోగనాథన్‌కు ఆ తలాడించడం చూసి ఇక ఉండబుద్ధి కాలేదు. అక్కడినుంచే, పొరపాటు మేడమ్‌ది కాదు, నేను మోసం చేశాను అని అరవంలో గట్టిగా అన్నాడు. అరవై మంది వెనక్కి తిరిగారు. ఆ చూపుల ముందు మొత్తం చెప్పాడు. మధ్యలో గొంతు ఆరిపోయి రెండుసార్లు ఆగాడు. ఎవరూ నీళ్ళివ్వలేదు. అతను ముగించాక మేడమ్ అతనివైపు చూడలేదు. కాగితాలు సర్దుకుని పక్కవాళ్ళతో బయటికి నడిచింది.

పనిలోంచి తీసేస్తుందనుకున్నాడు. తీసేయలేదు. ఏలగిరి చెట్లు కొట్టించేద్దామని చెల్లెలంటే, చెట్టు చేసిన తప్పేముందని వద్దంది. పలకలు మాత్రం మార్చాలంది. లోగనాథనే పాత పేరు గీకి, రంగు వేసి, ఆయా మరం అని నలభై పలకలూ రాసి వచ్చాడు. పని చెప్పాల్సి వస్తే మేడమ్ అరవంలో చెప్పేది, అతను అరవంలో జవాబిచ్చేవాడు.

డిసెంబరులో నారాయణన్ సెలవుపై సొంతూరు పేర్ణాంబట్టు వచ్చి, ఒక పూట నర్సరీకి వచ్చాడు. ఊటీలో తొంభై నాలుగు మొక్కలు బతికాయని, వాటిలో సగం ఎండలు ముదరకముందే హిమాచల్‌కు తీసుకుపోతున్నానని చెప్పాడు. లోగనాథన్ క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు. నారాయణన్ చేత్తో వారించి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఆ మొదటి అరవై ఒకటీ ఎలా చచ్చాయో గంటగంటకూ చెప్పమన్నాడు. ఫ్యాను ఎప్పుడు ఆగింది, గుడారం ఎంత ఎత్తు, లోపల తడి ఎంత, అంచులు ఎంత గట్టిగా బిగించావు. ఎండ ప్రాంతంలో రేపు ఇంకెవరైనా ప్రయత్నిస్తే, ఏది చంపుతుందో వాళ్ళకు తెలిసి ఉండాలి కదా అన్నాడు.

లోగనాథన్ చెప్పాడు. ఇది అయిదోసారి చెప్పడం. మొదటిసారికంటే సులువేమీ కాలేదు. ఇటుకల మాట దగ్గరికి వచ్చేసరికి ఈసారీ చెవులు వేడెక్కాయి. ఎన్ని ఇటుకలని నారాయణన్ అడిగాడు. పద్నాలుగు అన్నాడు. నారాయణన్ రాసుకున్నాడు. పుస్తకం మూసి, అతనికి నమస్కారం పెట్టకుండానే, మేడమ్ దగ్గర సెలవు తీసుకోవడానికి లోపలికి వెళ్ళాడు. లోగనాథన్ గొట్టం తీసుకుని వేపనారుకు నీళ్ళు పట్టడానికి పోయాడు.